అరవై ఏళ్ళ చక్రంలో పూర్వీకుల జాడ

పంచాంగాన్ని మనం ముహూర్తాల కోసం తెరచి, పని తీరగానే మూసివేస్తాము. దానిని కాలాన్ని గురించిన ఒక రచనగా చదివితే అందులో మూడు కొలతలు కనబడతాయి. మూడింటి ప్రయోజనమూ ఒకటి కాదు.

మొదటిది యుగమానం. కలియుగం 4,32,000 సంవత్సరాలు. ద్వాపరం దానికి రెండింతలు, త్రేత మూడింతలు, కృతం నాలుగింతలు. నాలుగూ కలిస్తే 43,20,000 సంవత్సరాల మహాయుగం. క్రీ.పూ. 3102లో మొదలైనదని గణించే కలియుగంలో ఇప్పటికి గడచినది సుమారు 5,100 సంవత్సరాలే. పూజకు ముందు సంకల్పం చెప్పేటప్పుడు ఈ మహాకాలాన్ని స్మరించి, మెట్టుమెట్టుగా దిగి, నేటి తిథి వద్ద నిలుస్తాము. ఈ కొలత మనిషికి వినయం నేర్పుతుంది. కాని ఒక కుటుంబం ఎప్పుడు సముద్రం దాటిందో చెప్పలేదు.

రెండవది ప్రభవ నుండి అక్షయ వరకు సాగే అరవై సంవత్సరాల చక్రం. సింగపూరు 1965లో స్వతంత్రమైనది విశ్వావసులో. అరవై ఏళ్ళ వేడుక 2025లో మళ్ళీ విశ్వావసులోనే జరిగింది. ఒక మనిషి షష్టిపూర్తికి సరిపోయే ఈ కొలత ఎంతో అందమైనది. దాని లోపమూ అక్కడే ఉన్నది: పేరొక్కటే మిగిలితే అది ఏ చుట్టులోనిదో తెలియదు.

మా ముత్తాత ప్లవంగలో ఓడ ఎక్కారని ఇంట్లో చెప్పుకునేవారు. ప్లవంగ 1847లో వచ్చింది, 1907లో వచ్చింది, 1967లోనూ వచ్చింది. ఆయన ఒప్పందకూలీగా మలయా రబ్బరుతోటకు వచ్చినవారు. రబ్బరు మొక్కలు సింగపూరు వృక్షోద్యానానికి చేరినది 1877లో. మలయాకు ఒప్పందకూలీల రాక నిలిచినది 1910లో. కనుక 1907 ఒక్కటే నిలుస్తుంది. చివరి అక్షరం చెవి జారి ‘ప్లవ’ అని మిగిలి ఉంటే, లెక్క 1901కి పోయేది.

మూడవది క్రీ.శ. 78 నుండి లెక్కించే శాలివాహన శకం. ఇది చక్రంవలె తిరిగి మొదటికి రాదు. మన శాసనాలలో శకసంఖ్యనూ సంవత్సరనామాన్నీ జంటగా చెక్కించే ఆచారం ఉన్నది. ఒకటి చెరిగినా, సందేహమైనా రెండవది సాక్ష్యమిస్తుంది.

సంఖ్య ఉంటే పేరెందుకని పిల్లలు అడగవచ్చు. 1942 ఫిబ్రవరిలో సింగపూరును ఆక్రమించిన జపాను పాలకులు ఆ ఏటిని 2602గా లెక్కించి, గడియారాలను టోక్యో వేళకు మార్పించారు. పాలకులు మారితే సంఖ్యలు మారవచ్చు. మన పెద్దలకు మాత్రం ఆ ఏడు ఉగాది వరకు ‘వృష’గానే సాగింది. పేరు జ్ఞాపకాన్ని కాపాడుతుంది, సంఖ్య దానికి చోటు చూపుతుంది. రెండింటినీ విడదీయడం వల్లనే మన చరిత్ర మసకబారుతున్నది.

పాయా లేబర్‌లో సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చే పిల్లలు అరవై పేర్లను వరుసగా వల్లిస్తారు. సంతోషమే. ఆ పేర్లకు మనుషులను కూడా జతచేయాలి. ఇంట్లో పెద్దలు జీవించి ఉండగానే వారి జననం, వివాహం, వలస ఏ సంవత్సరంలో జరిగాయో అడిగి, పేరు పక్కన సంఖ్య వ్రాయండి. ఉగాదికి ముందు నెలలు గత సంవత్సరానికే చెందుతాయని మరువకండి. ‘ప్లవంగ, శకం 1829, క్రీ.శ. 1907’ అన్న ఒక్క పంక్తి చాలు. మహాయుగాల మధ్య మన ముత్తాతలకు వారి చోటు వారికి దక్కుతుంది.