టెలోపియా నుంచి వచ్చిన పుస్తకం

ఈ పుస్తకం రాసిన అమ్మాయి కలికిరిలో నా దగ్గర తెలుగు చదువుకుంది. ఏడో తరగతిలో ‘నేను చూసిన దృశ్యం’ అని వ్యాసం ఇస్తే తక్కినవాళ్ళంతా తిరుపతి కొండ గురించి రాశారు. ఈ పిల్ల మాత్రం రైల్వే గేటు పడ్డప్పుడు ఈవల ఆగిపోయిన ఎద్దులబండి గురించి రాసింది. బండిలో ఏం బస్తాలున్నాయో, రైలు కనబడేలోపు తోలేవాడు ఎన్నిసార్లు దిగి ఎక్కాడో కూడా రాసింది. ఆ కాగితం చాలా రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇప్పుడామె సిడ్నీకి పడమట, టెలోపియా అనే పేటలో ఉంటోంది. అక్కడి ట్రాము స్టాపు మీద పుస్తకం రాశాను, మీరే ముందుమాట రాయాలి సార్ అని అడిగింది. ఒక్క స్టాపు మీద పుస్తకానికి సరిపడా ఏముంటుందని నాకు సందేహం కలిగింది. రాతప్రతిని రెండు రాత్రుల్లో చదివేశాను. మూడోనాటి పొద్దున మా స్టేషను దాకా నడిచి, బెంచీ మీద కూర్చుని మళ్ళీ మొదటి పేజీ తీశాను.

కథ ఇదీ. క్లైడ్ నుంచి కార్లింగ్‌ఫర్డ్ దాకా ఒక చిన్న రైలు లైను ఉండేది. 1896లో ప్రైవేటువాళ్ళు వేస్తే తర్వాత ప్రభుత్వం తీసుకుంది. చాలా మేర ఒంటి లైను, ఎక్కేవాళ్ళూ తక్కువే. 2020 జనవరి 5న దాన్ని మూసేశారు. 2024 డిసెంబరు 20న అదే దారిలో ట్రాము నడిచింది. వెస్ట్‌మీడ్‌లో బయల్దేరి, పారమట్టా వీధులు దాటి, రోజ్‌హిల్ తర్వాత పాత రైలుదారి పట్టుకుని, డండస్, టెలోపియా మీదుగా కార్లింగ్‌ఫర్డ్ చేరుతుంది. మొత్తం 12 కిలోమీటర్లు. క్లైడ్ వైపు ముక్క మాత్రం ట్రాముకు అక్కరలేకపోయింది.

ఈ తేదీలు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ రచయిత్రి మనసు పెట్టింది ఆ రెండు తేదీల మధ్య ఉన్న ఐదేళ్ళ మీద. రైలు పోయింది, ట్రాము రాలేదు. కంచె అవతల తవ్విపోసిన నేల, పక్కన బస్సు కోసం నిలబడ్డ జనం. ఆమె ఆ ఊరికి కాపురానికి వెళ్ళింది ఆ రోజుల్లోనే. కంచె పక్కన నడుస్తుంటే ఇది నేను ముందే చూశాను కదా అనిపించిందట. ఎక్కడ చూసిందో నాకు తెలుసు.

మా లైను సంగతి ఈ తరం పాఠకులకు కొంత చెప్పాలి. ధాత కరువు 1876లో మొదలై రాయలసీమను ఊడ్చిపెట్టింది. కరువు ప్రాంతాలకు రైళ్ళు వేయాలని 1880లో కరువు కమిషను చెప్పింది. ఆ తర్వాత పదేళ్ళు దాటాక, 1890ల మొదట్లో, సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ళ మీటరు గేజి లైను విల్లుపురం నుంచి ధర్మవరం దాకా పరుచుకుంది. అందులోదే మా పాకాల–ధర్మవరం దారి. పీలేరు, కలికిరి, వాయల్పాడు, మదనపల్లె రోడ్డు, ములకలచెరువు, కదిరి. మదనపల్లెకు పేరైతే ఉంది గానీ రైలు ఊళ్ళోకి పోలేదు. ఆ రోడ్డు స్టేషనున్న సి.టి.ఎం.లో దిగి మళ్ళీ బండి కట్టించుకోవాల్సిందే. కలికిరి జనానికి స్టేషను కాలినడక దూరంలో ఉండటం మా అవ్వల తరం ఒక గొప్పగానే చెప్పుకునేది.

పట్టాల మధ్య సరిగ్గా 1,000 మిల్లీమీటర్లు. పెట్టె చిన్నది, వేగం తక్కువ. పాకాలలో కాట్పాడి దారీ తిరుపతి దారీ చీలేవి. అక్కడ ఇంజను మారేదాకా సద్దిమూటలు విప్పుకుని కూర్చునేవాళ్ళం. 2000ల చివర్లో గేజి మార్పు పనులకని రైళ్ళు ఆపేశారు. ఈ అమ్మాయి తిరుపతిలో చదువుకున్నది అప్పుడే. భాకరాపేట కనుమ మలుపుల్లో బస్సు తిరుగుతుంటే కడుపులో దేవి, తల కిటికీకి ఆనించుకుని, నాన్న చేత్తో కొనిచ్చిన అట్ట టికెట్టు తలచుకునేదాన్నని రాసింది. ఆ పేజీ దగ్గర నేను కాసేపు ఆగాను. ఆ బస్సుల్లో నేనూ తిరిగాను. రైలు లేని ఊరు ఎలా ఉంటుందో, సాయంత్రం గంట వినబడక పొద్దు ఎలా తెలియకుండా పోతుందో నాకూ తెలుసు.

తర్వాత 1,676 మిల్లీమీటర్ల పెద్దలైను వచ్చింది. చిన్నలైను రోజుల్లో మా ప్లాట్‌ఫారం నేలకు అంటుకుని ఉండేది, పెట్టెలోకి మెట్లు పట్టుకుని ఎక్కేవాళ్ళం. ఇప్పుడు ప్లాట్‌ఫారమే ఎత్తు పెరిగింది. టెలోపియాలో దీనికి తలకిందులు. అక్కడ రైలు ప్లాట్‌ఫారం ఎత్తు. ట్రాము నేలబారుగా ఉంటుంది గనుక స్టాపును కిందికి దించారు. చక్రాల కుర్చీలో ఉన్న ముసలాయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి వెళ్ళిపోవడాన్ని ఈమె ఒక పేజీ నిండా రాసింది. ఒకే దారి మీద బండి మారితే మనిషి అడుగు ఎంత ఎత్తు లేవాలో కూడా మారుతుంది. దాన్ని పట్టుకున్న చూపు నాకు ఎంతో నచ్చింది. ఎద్దులబండి తోలేవాడు ఎన్నిసార్లు దిగాడో లెక్కపెట్టిన కళ్ళు ఇవే.

పుస్తకంలో నన్ను బాగా ఆలోచింపజేసింది దారి గురించిన అధ్యాయం. అది చదువుతుంటే మా నాయన గుర్తొచ్చాడు, మద్రాసులో చదివిన రోజుల్లో ఆయన ట్రాములో తిరిగేవాడు. 1895లో మొదలైన ఆ ట్రాములు 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. అదే ఏడు అక్టోబరులో మన ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అవి వీధి మధ్యలో నడిచేవి గనుక ఆగిన తర్వాత వీధి వాటిని మింగేసింది. వాటికంటూ ఒక దారి మిగల్లేదు. సిడ్నీలోనూ వీధి ట్రాములు 1961లో పోయాయి. 1997లో ట్రాము తిరిగి వచ్చినప్పుడు దానికి చాలా మేర చోటిచ్చింది పాత గూడ్సు రైలు లైను. పారమట్టాలో ఆవిరి ట్రాము 1943లో ఆగిపోతే, దాని గుర్తుగా ట్రామ్‌వే అవెన్యూ అనే పేరు మిగిలింది. ఇప్పుడు కొత్త ట్రాము స్టాపుకు అదే పేరు.

రైలు దారి వేరు. కట్ట పోసి, గుట్ట తొలిచి, వంక మీద వంతెన కట్టి, ఊళ్ళ మధ్యగా ఒకరి చేతిలోనే ఉండే సన్నని నేలచీలిక అది. మధ్యలో ఒక్క ముక్క అమ్ముడుపోయినా, ఒక్క ఇల్లు లేచినా తక్కిన పొడుగంతా వ్యర్థమవుతుంది. బండి ఆగిన ఏళ్ళలో ఆ చీలికను తెగకుండా కాపాడినవాళ్ళకే తర్వాత ట్రాము గానీ, పెద్దలైను గానీ, కాలిబాట గానీ దక్కుతుంది. టెలోపియాలో పట్టాల పక్కనే నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ బాట కూడా వేశారు. రైళ్ళు ఆగిన మన పాత లైన్ల కట్టల మీద జనం కన్ను పడుతున్న ఈ రోజుల్లో, ఈ అధ్యాయాన్ని మన పంచాయతీల్లో, పురపాలక సంఘాల్లో కూర్చునేవాళ్ళు చదవాలని నా కోరిక.

ఒక లోపం చెప్పాలి, చెప్పకపోతే గురువును కాను. రైలు పోయినందుకు నష్టపోయినవాళ్ళకు ఈమె తక్కువ చోటిచ్చింది. క్లైడ్‌లో రైలు మారి నగరానికి పోయే అలవాటు ఉన్నవాళ్ళు ఇప్పుడు పారమట్టా మీదుగా చుట్టు తిరిగి పోవాలి. వాళ్ళలో ఒకరిద్దరి మాటలైనా విని రాసి ఉంటే పుస్తకం ఇంకా బరువెక్కేది. డండస్‌లో పాత స్టేషను భవనాన్ని పడగొట్టకుండా నిలిపారని సంతోషంగా రాసింది. అక్కడ కూర్చునే ముసలివాళ్ళను కదిలిస్తే చాలు, వాళ్ళే చెప్పేవాళ్ళు.

టెలోపియా అన్నది ఒక ఎర్రపువ్వు పేరు. అక్కడివాళ్ళు వారటా అంటారు, ఆ రాష్ట్రానికి గుర్తు కూడా అదే. ఆ పేరుకు మూలమైన గ్రీకు మాటకు దూరం నుంచే కంటపడేదని అర్థమట. మాఘం పోయే వేళకు మా గుట్టల మీద మోదుగ పూసినట్టు ఉంటుందని ఈమె పోలిక. ఆ పోలిక చాలు, ఈ పుస్తకం ఏ ఊరి పిల్ల రాసిందో చెప్పడానికి.

అమ్మా, నీ పుస్తకానికి నా నిండు ఆశీస్సులు. వచ్చే సెలవులకు వచ్చినప్పుడు ఒక పగలు నాకోసం ఉంచుకో. పాకాలలో ఎక్కి ధర్మవరం దాకా పోదాం, 220 కిలోమీటర్ల పైచిలుకు దారి. ఏ స్టేషనులో పాత మీటరు గేజి గుర్తు ఏది మిగిలిందో నేను చూపిస్తాను. కిటికీ పక్క సీటు నీదే. నోటుబుక్కు తెచ్చుకో.

కలికిరి