ప్రయాణ సన్నాహము: చీనా బౌద్ధ యాత్రికుల రచనలలో ఒక పరిశీలన

తీర్థయాత్రా గ్రంథములను చదువువాడు సాధారణముగా పుణ్యక్షేత్రముల వర్ణనలకై పుటలు త్రిప్పును. జేతవనమును, గృధ్రకూటమును, బోధివృక్షమును యాత్రికుని కన్నులతో చూడగోరును. ఇల్లు విడుచుటకు పూర్వము ఆ యాత్రికుడు ఎవరి అనుమతి వేడెను, ఏమి నేర్చెను, ఎవరిని విడిచిపెట్టెను అను విషయములను తెలుపు పుటలు వీధివాకిలివంటివి. వానిని దాటి లోనికి పోవుట పాఠకుల అలవాటు. అయినను యాత్రికుని స్వభావము, గ్రంథము యొక్క స్వభావము మొదట బయటపడునది ఆ వాకిటనే. బుద్ధుడు పుట్టిన దేశమును చూడవచ్చిన చీనా భిక్షువులలో సుప్రసిద్ధులైన ఫాహియాన్, హ్యూన్ త్సాంగ్, ఇత్సింగ్ అను మువ్వురి వృత్తాంతములను ఈ దృష్టితో పరిశీలించుట ఉచితము.

ఫాహియాన్ 399లో చాంగాన్ నగరమునుండి బయలుదేరెను. తన దేశమున వినయపిటక గ్రంథములు అసంపూర్ణముగా నున్నవని చింతించి, కొందరు సహచరులతో కలిసి సంకల్పము చేసికొని పయనమైనట్లు ఆయన క్లుప్తముగా చెప్పెను. సన్నాహమునుగూర్చి ఇంతకుమించి విశేషములు లేవు. ధనమెంత, ఆహారమెంత, మార్గజ్ఞానమెంత అన్న ప్రశ్నలకు ఆయన గ్రంథము మౌనము వహించును. ఈ మౌనమును కేవలము వినయమనుకొనుట పొరపాటు. తనకు లేనిదేదో స్పష్టముగా తెలిసియుండుటయే ఆయన మూటకట్టుకొనిన పాథేయము. మిగిలిన సన్నాహమంతయు ఆయన గమ్యము చేరిన తరువాతనే చేసికొనవలసివచ్చెను: పాటలీపుత్రమున మూడు సంవత్సరములుండి సంస్కృతము నేర్చి, వినయగ్రంథములను వ్రాసికొనెను.

కాని ఒక్క విషయమునకు ఆయన సిద్ధపడి రాలేదు. సింహళమున బుద్ధప్రతిమ యెదుట ఒక వర్తకుడు చీనాదేశపు తెల్లని పట్టువిసనకఱ్ఱను సమర్పించుట చూచినంతనే ఆయన కన్నులు నీటితో నిండెను. అప్పటికి సహచరులలో కొందరు మరణించిరి, కొందరు మరలిపోయిరి, ఒకరు భారతదేశముననే నిలిచిపోయిరి. ప్రారంభమున సన్నాహమునుగూర్చి ఏమియు చెప్పని గ్రంథము ఇచట ఒక్క విసనకఱ్ఱతో దాని లోటును చెప్పివేసెను. ఫాహియాన్ రచనలోని మహత్తు ఈ మితభాషిత్వమునందే యున్నది.

హ్యూన్ త్సాంగ్ విషయము వేరు. ఆయన 629లో బయలుదేరెనని సంప్రదాయ గణన. చక్రవర్తి అనుమతి కోరగా అది లభింపలేదు; నిషేధమును కాదని ఆయన రహస్యముగా సరిహద్దు దాటెను. 645లో 657 గ్రంథములతో మరలివచ్చి, మరుసటి యేట పశ్చిమదేశముల వృత్తాంతమును పూర్తిచేసి చక్రవర్తికే సమర్పించెను. అట్టి గ్రంథమున తన పలాయనపు సన్నాహమును వర్ణించుట ఎట్లు పొసగును? కావున ఆ కథ శిష్యుడైన హ్యుయిలి రచించిన జీవితచరిత్రలో మాత్రమే లభించును.

హ్యుయిలి భక్తుడు, భక్తుని కలము అతిశయమును ఎఱుగనిది కాదు. ఎడారిలో నీటితిత్తి చేజారి, నాలుగు రాత్రులు అయిదు పగళ్లు చుక్కనీరు లేక యాత్రికుడు పడిన బాధను ఒకచోట వర్ణించును. అనతికాలములోనే కావోచాంగ్ రాజు ఆయనకు ఇరువది సంవత్సరముల రాకపోకలకు సరిపడునంత సామగ్రిని ఒసగును: నూఱు తులముల బంగారము, 30,000 వెండి నాణెములు, 500 పట్టుతానులు, 30 గుఱ్ఱములు, 25 మంది సేవకులు, దారిలోని రాజ్యములకు 24 లేఖలు. దారిద్ర్యము వెనువెంటనే వైభవము. ఈ పట్టిక పాఠకుని ఆశ్చర్యపఱచును గాని, యాత్రికుని తెలియజేయజాలదు. ఆయనను తెలియజేయునది ఎడారిలోని ఒక చిన్న ఘట్టము. నీరు పోయిన తరువాత ఆయన వెనుకకు మరలి కొంతదూరము నడచెను. భారతదేశము చేరనిదే తూర్పునకు ఒక్క అడుగైన వేయనన్న తన ప్రతిజ్ఞ స్మృతికి రాగా మరల పడమటికి తిరిగెను. రాజు ఇచ్చిన బంగారముకంటె ముందే ఆ ప్రతిజ్ఞ ఆయనవద్ద నుండెను.

ప్రతిజ్ఞతోపాటు ఆయన తెచ్చినది సందేహము. స్వదేశపు ఆచార్యుల వ్యాఖ్యానములు పరస్పరము పొసగకపోవుటయే ఆయనను కదలించెను. సందేహముతో వచ్చినవాడు ఎంత పండితుడైనను శిష్యుడు కాగలడు. ఆంధ్రదేశమున ధాన్యకటకమునందు ఆయన సుభూతి, సూర్యుడు అను ఇరువురు భిక్షువులవద్ద మహాసాంఘిక అభిధర్మమును కొన్ని మాసములు చదివెననియు, వారు ఆయనవద్ద మహాయాన శాస్త్రములను చదివిరనియు హ్యుయిలి తెలిపెను. కావోచాంగ్ కానుకల పట్టికకంటె ఈ రెండు వాక్యములు విలువైనవి.

మువ్వురిలో సన్నాహమును సాహిత్యవస్తువుగా గ్రహించినవాడు ఇత్సింగ్. పదునెనిమిదవ యేట కలిగిన కోరిక ముప్పదియేడవ యేటగాని నెరవేరలేదు. తనను పెంచిన గురువు సమాధివద్దకు వెళ్లి సెలవు తీసికొనుట, జీవించియున్న రెండవ గురువు ఇట్టి అవకాశము మరల రాదని ప్రోత్సహించుట ఆయన ఆడంబరము లేక వ్రాసెను. సహచరులను గూర్చియు అట్లే వ్రాసెను. ఒకరు వృద్ధమాతను విడువజాలకపోయిరి. ఒకరు సుఖావతిపై మనసు నిలిపిరి. కాంటన్ వరకు వచ్చిన మరియొకరును ముందునకు సాగలేదు. చివరకు తోడుగా ఓడయెక్కిన యువభిక్షువు శ్రీవిజయమున వ్యాధిగ్రస్తుడై వెనుదిరిగెను. వీరిలో ఎవరిని ఇత్సింగ్ నిందింపలేదు. వృద్ధమాత కొఱకు ఆగినవానికిని ఆయన గ్రంథమున చోటు కలదు.

671లో పారసీక నావలో బయలుదేరిన ఇత్సింగ్ శ్రీవిజయమున ఆఱు నెలలు ఆగి సంస్కృత వ్యాకరణము నేర్చెను. 673లో తామ్రలిప్తి చేరెను. తరువాత తన అనుభవమును ఉపదేశముగా మార్చి, భారతదేశమునకు పోగోరు చీనా భిక్షువులు ఒకటి రెండు సంవత్సరములు శ్రీవిజయముననే ఉండి నియమములు అభ్యసించుట మేలని వ్రాసెను. ఫాహియాన్ గమ్యమున చేసికొనిన సన్నాహమును ఇత్సింగ్ దారిలోనికి తెచ్చెను. తనకొఱకే కాక, వెనుక రాబోవువారికొఱకును.

అట్లని సన్నాహము సమస్తమును కాపాడునని ఆయన భ్రమపడలేదు. 689లో కాగితము, సిరా, లేఖకులు కావలెనని స్వదేశమునకు ఉత్తరము పంపుటకై శ్రీవిజయమున ఒక ఓడయెక్కగా, అనుకూలమైన గాలి వీచి ఓడ సాగిపోయెను. ఆయన కాంటన్ నగరమున దిగెను. ఏండ్ల తరబడి సేకరించిన గ్రంథములు శ్రీవిజయముననే యుండెను. ఆ సంవత్సరమే సహాయకులతో మరల సముద్రము దాటవలసివచ్చెను. మహాపండితుడు ఈ హాస్యాస్పద ఘటనను దాచక చెప్పుట ఆయన గ్రంథమునకు ప్రామాణ్యమును చేకూర్చును.

ధర్మమును అన్వేషించి వచ్చిన ఏబదికి పైబడిన భిక్షువుల చరిత్రలను ఇత్సింగ్ సంకలనము చేసెను. వారిలో పలువురు స్వదేశము మరల చూడలేదు. కొందరు గమ్యమే చేరలేదు. వారు నేర్చిన సంస్కృతము ఏ అనువాదముగను పరిణమింపలేదు. చేరినవారి విజయమును కొలుచు గ్రంథములు అనేకములు కలవు. చేరనివారి సన్నాహమును గూడ లెక్కలోనికి తీసికొనిన గ్రంథము అరుదు. ఫాహియాన్ నిరాడంబరతకు, హ్యుయిలి కథనశక్తికి తగిన గౌరవమిచ్చియు, ఈ కారణముచేతనే ఇత్సింగ్ రచనకు అగ్రస్థానము ఈయవలసియున్నది.