బ్రౌజర్‌లో వీడియో ఎడిటింగ్: ఒక విమర్శనాత్మక పరిశీలన

వెబ్ ఆధారిత వీడియో ఎడిటర్ల గురించి తరచుగా వినిపించే మాట ఒకటుంది: ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు, బ్రౌజర్ ఉంటే చాలు. ఇందులో నిజమెంతో ఇప్పుడు పరిశీలిద్దాం.

వీడియో ఫైలు కుదించిన రూపంలో ఉంటుందని మీకు తెలుసు. ఎడిట్ చేయడానికి దాన్ని విప్పాలి, పని ముగిశాక మళ్లీ కుదించాలి. ఈ పని చేసేదే కోడెక్. పరికరంలోని కోడెక్‌లను వెబ్ పేజీలు నేరుగా వాడుకునేందుకు వీలు కల్పించే సదుపాయం వెబ్‌కోడెక్స్. ఇది క్రోమ్‌లోకి 2021లో వచ్చింది. సఫారీలోకి 2023లో, అదీ మొదట దృశ్య భాగానికి మాత్రమే వచ్చింది. కంప్యూటర్లలోని ఫైర్‌ఫాక్స్‌కు 2024లో అందింది. అంటే ‘బ్రౌజర్’ అనే ఒక్క మాట వెనుక మూడేళ్ల అంతరం ఉంది.

పరికరాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. ఐఫోన్లు 2017 నుంచి హెచ్‌ఈవీసీ కోడెక్‌తో వీడియో తీయగలుగుతున్నాయి. క్రోమ్ 2022లో దీన్ని స్వీకరించినా, సాధారణంగా కంప్యూటర్ హార్డ్‌వేర్ సహకరిస్తేనే తెరవగలదు. అందువల్ల ఒకే ఫైలు, ఒకే బ్రౌజర్ అయినా ఒక కంప్యూటర్‌లో తెరుచుకుని, మరో పాత కంప్యూటర్‌లో తెరుచుకోకపోవచ్చు.

2021లో మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసిన క్లిప్‌చాంప్‌ను ఉదాహరణగా తీసుకోండి. ఇది ఎడిటింగ్‌ను ప్రధానంగా మీ కంప్యూటర్‌లోనే జరుపుతుంది. పెద్ద ఫైళ్లను సర్వర్‌కు పంపే భారం తగ్గడం, గోప్యత పెరగడం దీని గుణాలు. కానీ ఆ భారమంతా మీ మెమరీపై, ప్రాసెసర్‌పై పడుతుంది. ఇన్‌స్టాల్ చేసే శ్రమ తప్పింది కానీ, మంచి కంప్యూటర్ అవసరం తప్పలేదు.

అన్ని పరికరాల్లో పనిచేయకపోవడం దానికదే పెద్ద దోషం కాదు. ఆ సంగతి ఎప్పుడు చెబుతారన్నదే అసలు ప్రశ్న. గంటల తరబడి శ్రమించాక ఎక్స్‌పోర్ట్ దశలో విఫలమయ్యే సాధనం మీ కాలాన్ని వృథా చేస్తుంది. ఒక కోడెక్‌ను ఈ పరికరం నిర్వహించగలదా అని ముందుగానే అడిగి తెలుసుకునే ఏర్పాటు వెబ్‌కోడెక్స్‌లోనే ఉంది. దాన్ని వాడుకుని మొదట్లోనే హెచ్చరించకపోవడం రూపకర్తల నిర్లక్ష్యమే.

అభ్యాసం: మీ ఫోన్‌లో పది సెకన్ల వీడియో తీయండి. మీరు ఎంచుకున్న ఎడిటర్‌లో దాన్ని తెరిచి, కత్తిరించి, ఎక్స్‌పోర్ట్ చేసి, మరో పరికరంలో ఆడించి చూడండి. ఏ దశలో ఆగిందో, ఎడిటర్ ముందుగా హెచ్చరించిందో లేదో రాయండి. అసైన్‌మెంట్ పని ఆ తరువాతే మొదలుపెట్టండి.