లేని జంతువుల ఆకలి

2017 మే నెలలో కొన్ని కుందేళ్ళకు తిండి అందడం ఆగిపోయింది. అవి రక్తమాంసాలున్న కుందేళ్ళు కావు. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ అనే సంస్థ 2003లో తెరచిన ‘సెకండ్ లైఫ్’ అనే కంప్యూటర్ లోకంలో పుట్టి పెరిగినవి. వాటిని తయారుచేసి అమ్మిన ఓజిమల్స్ అనే కంపెనీ తనకు వకీలు నోటీసు వచ్చిందనీ, దానితో పోరాడే స్తోమత లేదనీ చెప్పి సర్వర్లను మూసివేసింది. సర్వర్ ఆగితే మేత లేదు. మేత లేకపోతే కుందేలు కదలని నిద్రలోకి పోతుంది. ఆ నిద్రనుంచి దాన్ని ఇక ఎవరూ లేపలేరు. ఏళ్ళ తరబడి వాటిని సాకినవారు చాలా దుఃఖపడ్డారు.

ఈ వార్త విన్న మనలో చాలామందికి మొదట వచ్చేది నవ్వు. “మనుషులకే తిండిలేని లోకంలో బొమ్మకుందేళ్ళకోసం ఏడుపా? ఇది తిన్నదరగని వర్గం పలాయనవాదం కాక మరేమిటి?” అని తోస్తుంది. దీనికి పూర్తిగా ఎదురుగా మరొక అభిప్రాయం కూడా వున్నది. ఇది కొత్త కళారూపమనీ, ఇందులో ప్రతి మనిషీ ఒక బ్రహ్మ అనీ, దీనికి పాతకాలపు ప్రమాణాలు వర్తించవనీ ఆ వాదులు అంటారు. ఈ రెండు అభిప్రాయాలూ తొందరపాటువే. మొదటిది ఆ కన్నీటిని చూసి దాని వెనుక వున్న వ్యవస్థను చూడదు. రెండవది బొమ్మను చూసి దాని యజమానిని చూడదు. కళను సామాజిక దృష్టితో పరిశీలించే విమర్శకుడు ఈ రెండింటినీ దాటి, ఈ జంతువులకు ఆకలి ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడగాలి.

ముందుగా దుఃఖం సంగతి తేల్చుకుందాం. లేనిదానికోసం ఏడవడం మూఢత్వమైతే నాటకం చూసి కంట తడిపెట్టిన ప్రతివాడూ మూఢుడే. రంగస్థలంమీద చంద్రమతి నిజంగా బిడ్డను పోగొట్టుకోదు. ఐనా ప్రేక్షకుడి శోకం అబద్ధం కాదు. మన ఆలంకారికులు ఈ ప్రశ్నను వెయ్యేళ్ళకు పూర్వమే చర్చించి, విభావాలు కల్పితమైనా రసానుభవం సత్యమేనని తీర్మానించారు. పైగా ఈ కుందేలుకూ నాటకానికీ ఒక భేదమున్నది. ప్రేక్షకుడు చూసి వెళ్ళిపోతాడు. కుందేలును సాకినవాడు దానికోసం రోజూ పని చేస్తాడు. మేత కొంటాడు, జత కలుపుతాడు, పిల్లల రంగు ఎలా వస్తుందో అని కాచుకుంటాడు. శ్రమ పెట్టినచోట మమత పుడుతుంది. అది మానవ స్వభావం. కనుక ఆ దుఃఖాన్ని ఎగతాళి చేయవలసిన అవసరం మనకు లేదు. పరీక్షించవలసింది ఆ దుఃఖానికి కారణమైన ఏర్పాటును.

ఈ ఏర్పాటు అర్థం కావాలంటే అంతకుముందు వచ్చిన మరొక కృతితో పోల్చి చూడాలి. 1996లో ఇంగ్లండులో స్టీవ్ గ్రాండ్ రూపొందించిన ‘క్రీచర్స్’ అనే ఆట వెలువడింది. అందులో నార్న్‌లనే చిన్న ప్రాణులున్నాయి. వాటికి జన్యువులు వున్నాయి, రసాయన క్రియలు వున్నాయి, నాడీజాలాన్ని పోలిన చిన్న మెదడు వున్నది. ఆకలి వేస్తే నార్న్ శరీరంలో ఒక రసాయనం పెరుగుతుంది. తిన్నప్పుడు తగ్గుతుంది. ఆ తగ్గుదలను గుర్తుపెట్టుకుని ఏది తినాలో నార్న్ నేర్చుకుంటుంది. ఆడేవాడు దానికి మాటలు నేర్పుతాడు, మెచ్చుకోలుగా నిమురుతాడు, తప్పు చేస్తే చిన్న దెబ్బ వేస్తాడు. రెండు నార్న్‌లు జతకడితే బిడ్డకు తల్లిదండ్రుల జన్యువులు కలిసి వస్తాయి. ఒక్కొక్కప్పుడు ఎవరూ ఊహించని మార్పు కూడా వస్తుంది. పెంచినవారు తమ నార్న్‌లను ఇంటర్నెట్ ద్వారా ఒకరికొకరు పంపుకున్నారు.

నార్న్ ఆకలి దాని జీవంలో భాగం. దాని మేత దాని లోకంలోనే వున్నది. అందుకోసం యజమాని మళ్ళీ కంపెనీ దుకాణానికి పోనక్కరలేదు. నార్న్ వున్నది పెంచినవాడి సొంత కంప్యూటర్‌లో. కాబట్టి తయారుచేసిన సంస్థ ఏమైనా ఆ ప్రాణి ఏమీ కాలేదు. దానిని అభిమానించేవారు నేటికీ పెంచుతూనే వున్నారు.

ఓజిమల్స్ కుందేలు కథ వేరు. దానికీ వంశం వున్నది, రంగులున్నాయి, అరుదైన లక్షణాలున్నాయి. కాని దాని మేత ఆ లోకంలో ఎక్కడా మొలవదు. కంపెనీ దగ్గర లిండెన్ డాలర్లిచ్చి కొనాలి. ఆ డాలర్లు అసలు డాలర్లతో మారే నాణెం. మేత కొననక్కరలేకుండా చేసే ఒక వస్తువును కూడా అదే కంపెనీ అమ్మింది. ‘శాశ్వత గడియారం’ అని చెప్పదగిన పేరు దానికి పెట్టారు. ఐతే ఆ గడియారం కట్టిన కుందేలు ఇక పిల్లలను కనదు. 2017లో సర్వర్లు మూతపడినప్పుడు బతికి బట్టకట్టినవి ఆ కుందేళ్ళే. అంటే బతుకు కావాలంటే సంతానం వదులుకోవాలి, సంతానం కావాలంటే జీవితాంతం మేత కొనాలి! ఇక్కడ ఆకలి ప్రాణధర్మం కాదు, అద్దె వసూలు చేసే ఉపాయం. నార్న్ ఆకలిని ఒక శిల్పి రాశాడు. కుందేలు ఆకలిని ఒక దుకాణదారు రాశాడు.

ఇక్కడ నాకు శరత్‌బాబు ‘మహేశ్’ కథ జ్ఞాపకం వస్తున్నది. తెలుగు పాఠకులకు ఆ కథ కొత్త కాదు. గఫూరు అనే పేదవాడికి మహేశ్ అనే ముసలి ఎద్దు. కరువు రోజులు. ఊరి పశువులు మేసే బీడును జమీందారు డబ్బుకు ఆశపడి ఇతరులకు ఇచ్చేశాడు. గఫూరు దగ్గర గడ్డి లేదు. చివరకు తాను ప్రేమగా పెంచుకున్న ఎద్దును తన చేతులతోనే కొట్టి చంపుకుని, కూతురు అమీనాను వెంటబెట్టుకుని జనపనార మిల్లుకు కూలికి బయలుదేరుతాడు. మహేశ్ ఆకలికి కరువు ఒక కారణం, జమీందారు మరొక కారణం. ఆ రెండవ కారణాన్ని చూపించడమే శరత్ గొప్పతనం. పాఠకుడు ఎద్దుకోసం ఏడుస్తూ, ఏడుపుతో ఆగిపోకుండా, బీడు ఎవరిదని అడుగుతాడు.

కుందేలును సాకినవాడు ఆ ప్రశ్న అడిగే అవకాశం వుండదు. ఎందుకంటే అక్కడ బీడు మొదటినుంచే లేదు. మన పల్లెలలో ఉమ్మడి బీళ్ళు ఒకప్పుడు వుండి తరవాత చేతులు మారాయి. అందువల్ల వాటి జ్ఞాపకమైనా మిగిలింది. ఆ జ్ఞాపకంనుంచే పోరాటాలు పుట్టాయి. ఈ కొత్త లోకంలో గడ్డిపరకకు కూడా పుట్టుకతోనే యజమాని వున్నాడు. ఆ లోకంలో అది ప్రకృతి నియమంలాగ కనిపిస్తుంది.

ఈ ఆకలికి న్యాయస్థానంలో కూడా విలువ కట్టారన్నది ఆశ్చర్యకరమైన సంగతి. అదే సెకండ్ లైఫ్‌లో అమరెట్టో అనే మరొక కంపెనీ గుర్రాలను అమ్మసాగింది. తమ కుందేళ్ళను కాపీకొట్టారని ఓజిమల్స్ ఆరోపించి, ఆ గుర్రాలను తొలగించమని లిండెన్ ల్యాబ్‌ను కోరింది. 2010 డిసెంబరులో అమరెట్టో ఉత్తర కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకు వెళ్ళి, తొలగింపును ఆపే తాత్కాలిక ఉత్తర్వు పొందింది. మేత అమ్మకం ఆగితే కొన్నవారి గుర్రాలు పస్తులుంటాయన్నది ఆ కంపెనీ మొరలో ఒక భాగం. గుర్రానికి ఆకలి పెట్టినవారే గుర్రం ఆకలిని సాక్ష్యంగా తెచ్చారు! ఇద్దరు వ్యాపారుల తగవులో జాలి సైతం ఒక ఆస్తిపత్రంగా మారింది.

ఆ తరవాతి ఘట్టంలో ఆకలి కూడా మాయమైంది. 2017 నవంబరులో ‘క్రిప్టోకిట్టీస్’ అనే పిల్లులు వచ్చాయి. వీటికి మేత లేదు, ఆట లేదు, ముద్దు లేదు. వున్నది జన్యుసంఖ్య ఒక్కటే. రెండు పిల్లులను జతకలిపితే మూడవది పుడుతుంది. అందులో అరుదైన లక్షణముంటే ధర పలుకుతుంది. మొట్టమొదటి పిల్లి లక్ష డాలర్లకు పైగా అమ్ముడైంది. ఆ డిసెంబరులో ఈ పిల్లుల వ్యాపారం తాకిడికి ఎథీరియం అనే లావాదేవీల వ్యవస్థే మందగించింది. కుందేళ్ళ లోకంలో మమతను మార్గంగా చేసుకుని సరుకు అమ్మారు. పిల్లుల లోకంలో మమత అనవసరమని తేల్చుకుని సరుకును మాత్రమే మిగిల్చారు.

మూడవ ఘట్టం మనకు మరీ దగ్గరగా వున్నది. వియత్నాంకు చెందిన స్కై మావిస్ అనే సంస్థ 2018లో ‘యాక్సీ ఇన్ఫినిటీ’ని ప్రారంభించింది. యాక్సీ అనే జంతువుకు కళ్ళు, చెవులు, నోరు, కొమ్ము, వీపు, తోక అని ఆరు భాగాలు. ప్రతి భాగానికీ పైకి కనిపించే జన్యువు ఒకటి, దాగివున్నవి రెండు. కనిపించే జన్యువు బిడ్డకు రావడానికి అవకాశం ఒక్కొక్క తల్లిదండ్రి వైపునుంచి నూటికి 37.5. దాగినవాటిలో మొదటిదానికి 9.375, రెండవదానికి 3.125. ఒక యాక్సీ ఏడుసార్లకు మించి జతకట్టరాదు. జతకట్టిన ప్రతిసారీ ఎస్.ఎల్.పి. అనే నాణేలు చెల్లించాలి. ఆ నాణేలు యాక్సీలతో పోట్లాడి గెలిచినవారికి కూలిగా వచ్చేవి.

ఆడడం మొదలుపెట్టాలంటే అప్పట్లో మూడు యాక్సీలు కావలసివచ్చేవి. 2021లో వాటి వెల వందల డాలర్లు. కరోనా కాలంలో పనులు పోయిన ఫిలిప్పీన్స్ పేదలకు అంత డబ్బు ఎక్కడిది? అందుచేత యాక్సీలు వున్నవారు లేనివారికి వాటిని అరువిచ్చి ఆడించారు. ఆడేవాడికి ‘స్కాలర్’ అని పేరు, ఇచ్చినవాడికి ‘మేనేజర్’ అని పేరు. యీల్డ్ గిల్డ్ గేమ్స్ అనే సంస్థలో నూటికి 70 వంతులు ఆడినవాడికి, 20 మేనేజర్‌కు, 10 సంస్థకు. దూడను సగం వాటాకు పెంపకానికి ఇచ్చే పద్ధతి తెలిసిన మనకు ఈ లెక్క కొత్తగా వుండదు. కౌలుదారుకు ‘విద్యార్థి’ అని పేరు పెట్టడమొక్కటే కొత్త.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసివున్నది. ఆ కష్టకాలంలో కబనతువాన్ వంటి పట్టణాలలో కొన్ని కుటుంబాలు ఈ ఆటతో బియ్యం కొనుక్కున్నమాట నిజం. దానిని కాదనడం పేదవాడిపట్ల అన్యాయం. కాని ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. నాణేనికున్న ముఖ్యమైన గిరాకీ యాక్సీలను పుట్టించడానికే. కొత్త యాక్సీలను కొనేది కొత్తగా వచ్చేవారు. కొత్తవారు రావడం తగ్గితే పుట్టినవి పుట్టినట్టే మిగిలిపోతాయి. నాణెం విలువ దిగుతుంది. సరిగ్గా అదే జరిగింది. 2021 జూలైలో ముప్ఫై సెంట్లు దాటిన నాణెం 2022లో ఒక సెంటుకంటె దిగువకు పడింది. ఆడినవాడి శ్రమ తగ్గలేదు, కూలి మాత్రం పోయింది. 2022 మార్చిలో ఆ ఆటకు సంబంధించిన రోనిన్ వారధినుంచి 60 కోట్ల డాలర్లకు పైగా విలువైన సొమ్ము దొంగలపాలైంది. దొంగతనం జరిగిన సంగతి ఆరు రోజులదాకా సంస్థకే తెలియలేదు. ఉత్తర కొరియాకు చెందిన ముఠా పని అని ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్.బి.ఐ. ప్రకటించింది. దొంగలు రాకముందే నాణెం విలువ చాలావరకు కరిగిపోయిందన్న విషయం మనం మరువరాదు.

నార్న్, కుందేలు, పిల్లి, యాక్సీ: ఈ నాలుగింటినీ వరుసగా పెడితే ఒక పరిణామం కనిపిస్తుంది. మొదటిదానిలో జంతువు తనకోసం జీవించింది, మనిషి దాన్ని చూసి ఆనందించాడు. రెండవదానిలో జంతువు ఆకలిగొన్నది, మనిషి చెల్లించాడు. మూడవదానిలో జంతువు చేతులు మారింది, మనిషి లెక్కపెట్టాడు. నాల్గవదానిలో జంతువుకు ఆకలి లేదు. ఆకలి మనిషికి వేసింది! బొమ్మకు పెట్టిన ఆకలి తిరిగి తిరిగి చివరకు కబనతువాన్‌లో నిజమైన వంటింటికి చేరింది.

సాంకేతిక ప్రగతి తప్పు అని నా అభిప్రాయం కాదు. అలా అనుకుంటే నార్న్‌ను మెచ్చుకోవడం కుదరదు. కాగితంమీద జంతువుకు ప్రాణం పోయడం ఎటువంటి కళో కోడ్‌లో ప్రాణం పోయడం కూడా అటువంటి కళే. కాని విమర్శకుడు రూపాన్ని పొగిడి ఊరుకోరాదు. ఆ ప్రాణి ఎవరి యంత్రంలో వుంటుంది? దాని మేత ఎవరి చేతిలో వున్నది? కంపెనీ తలుపులు మూసిన మరునాడు పెంచినవారి చేతిలో ఏం మిగులుతుంది? కథకు వస్తువెంతో ఈ కృతులకు ఈ ప్రశ్నలంత. వీటిని వదిలేసి రంగులనూ జన్యువులనూ వర్ణించే విమర్శ, బీడు సంగతి వదిలేసి ఎద్దు కొమ్ముల అందాన్ని వర్ణించడంవంటిది.

కుందేళ్ళకోసం దుఃఖించినవారిని గూర్చి మళ్ళీ ఒక మాట. వారి కన్నీరు నిజమే. దానిని మనం గౌరవించాలి. ఐతే గఫూరు చివరకు ఊరు విడిచి పోతూ శాపం పెట్టింది తన దురదృష్టానికి కాదు, తన మహేశ్ మేతనూ నీటినీ అడ్డగించినవారికి. ఆ వేలు ఎటు చూపాలో సాకినవారికి తెలియజేయడమే ఈ విషయంలో విమర్శ చేయగలిగిన పని.