ముంచుకు తినే రొట్టె

మెక్సికో తీపి రొట్టెల మీద బయటివాళ్ళు తరచూ చేసే ఫిర్యాదు ఒకటుంది: పొడిగా ఉంటాయి, తీపీ అంతంతమాత్రమే. ఈ మాట అనేవాళ్ళు వాటిని ఉత్తగా నమిలి ఉంటారు. పాన్ దుల్సే అనే ఈ రొట్టెలకు పక్కన వేడి చాక్లెట్టో, దాల్చినచెక్క వేసి కాచిన కాఫీయో, మొక్కజొన్న పిండితో జావలా కాచే అతోలెనో ఉండాలి. తుంచి ముంచాలి. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కట్ ముంచుకునేవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. పీల్చుకోవాలంటే రొట్టె గుల్లగా ఉండాలి. కప్పులో తీపి ఎలాగూ ఉంటుంది, రొట్టెలో తగ్గినా ఫరవాలేదు.

గోధుమ అసలు ఆ నేల పంట కాదు. 16వ శతాబ్దంలో స్పెయిన్ సైన్యం వెంట వచ్చింది. అక్కడ మొదట గోధుమ విత్తి పంట తీసింది తానేనని 1538లో రాజుకు పెట్టుకున్న అర్జీలో చెప్పుకున్నవాడు హువాన్ గర్రీదో. ఆఫ్రికాలో పుట్టి, ఆ సైన్యాన్ని నడిపిన కోర్తెస్ కింద పనిచేసినవాడు. బియ్యం బస్తాలో దొరికిన మూడు గింజలతో ఆ సాగు మొదలైందని కథ. మొక్కజొన్న తినే జనానికి గోధుమ రొట్టె దొరల తిండి, చర్చి పూజకు కావలసిన వస్తువు. 1864–67 మధ్య ఏలిన మాక్సిమిలియన్ చక్రవర్తి వంటవాళ్ళే పాన్ దుల్సేకి ప్రాణం పోశారని చెప్పేవాళ్ళున్నారు. నాకు ఆ కథ మింగుడుపడదు. అప్పటికే మూడు శతాబ్దాలుగా అక్కడ పొయ్యిలు మండుతున్నాయి. వెన్న పొరల పిండి, గుడ్లు దండిగా పడిన పిండి ఫ్రెంచి మోజు ముదిరిన కాలంలో, ముఖ్యంగా అధ్యక్షుడు పొర్ఫీరియో దియాస్ ఏలుబడిలో, బాగా వాడుకలోకి వచ్చాయన్నంత వరకు నిజం.

బేకరీ అరల్లో వందల రకాలు కనిపిస్తాయి గానీ, వెనక గదిలో కలిపే పిండి ముద్దలు కొన్నే. మిగతాదంతా చేతిపని. అందరికీ తెలిసిన కొంచానే చూడండి. గవ్వ గీతల్లాంటి నమూనాతో గుండ్రంగా ఉండే బన్ను అది. మైదా, పాలు, గుడ్లు, వెన్న, చక్కెర, ఈస్ట్ కలిపి, సాగదీస్తే తెగకుండా పల్చటి పొరగా వచ్చేదాకా పిసుకుతారు. తొందరపడని బేకరీల్లో ఆ ముద్దను రాత్రంతా చల్లగా ఉంచుతారు, రుచి అక్కడే వస్తుంది. పైపూత వేరే. మైదా, చక్కెర పొడి, కొవ్వు ఇంచుమించు సమానంగా తూచి, వెనీలాయో కోకోయో కలిపి, అరచేతిలో బిళ్ళలా తట్టి ఉండ మీద పరుస్తారు. ఆపైన అచ్చుతో నొక్కుతారు.

కిటుకంతా ఆ నొక్కే వేళలో ఉంది. ఉండ పూర్తిగా పొంగాక నొక్కితే గాలి పోయి చతికిలబడుతుంది, కాబట్టి పొంగకముందే నొక్కాలి. అచ్చు పూతను కోయాలి, కింది పిండిని తాకకూడదు. ఆ తర్వాత ఉండ ఉబ్బుతుంది. పూతకు సాగే గుణం లేదు గనక కోసిన గీతల వెంటే విడిపోతుంది. అంటే నమూనాను సగం అచ్చు గీస్తే, సగం ఈస్ట్ గీస్తుంది. పూతలో వెన్న బదులు గట్టి వనస్పతి వాడే బేకరీలు చాలా ఉన్నాయి. పిసినారితనం ఒక్కటే కాదు కారణం. వెన్న తక్కువ వేడికే కరిగి పూతను పక్కలకు జార్చేస్తుంది. రుచిలో మాత్రం వెన్నదే పైచేయి, అందులో వాదన లేదు.

ఓరెహా చెవి ఆకారంలో ఉంటుంది. పొరల పిండి మీద చక్కెర చల్లి, రెండు వైపుల నుంచి మధ్యకు చుట్టి, ముక్కలు కోసి కాలుస్తారు. పందిపిల్ల ఆకారపు పుయెర్కీతోలో ఈస్ట్ ఉండదు. పీలోన్సీయో అనే అచ్చుబెల్లాన్ని దాల్చినచెక్కతో పాకం పట్టి ఆ పాకంతోనే పిండి కలుపుతారు. సాల్తీయో ఊరి రొట్టెను పుల్కెతో పులియబెడతారు. పుల్కె అంటే కిత్తనార జాతి మొక్క నుంచి తీసే కల్లు, స్పెయిన్ వాళ్ళు రాకముందు నుంచీ ఉన్నది. 1591లో అక్కడికి వలస వెళ్ళి స్థిరపడిన త్లస్కాలా కుటుంబాల నుంచే ఆ పద్ధతి వచ్చిందంటారు. త్లస్కాలాలో పండగ రొట్టెకూ పుల్కె వాడడం చూస్తే నమ్మబుద్ధేస్తుంది. పరాయి ధాన్యాన్ని సొంత కల్లుతో పొంగించుకున్నారన్నమాట.

పండగ రొట్టెల లెక్క వేరు. నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్ళ కోసం చేసే పాన్ దె ముయెర్తో మీద పిండితోనే ఎముకలు అతికిస్తారు, చాలాచోట్ల నారింజ పూల నీళ్ళు కలుపుతారు. వహాకాలో రొట్టెలోకి రంగు వేసిన చిన్న ముఖబొమ్మను గుచ్చుతారు. జనవరి 6న కోసే ఉంగరపు రొట్టెలో బాలయేసు బొమ్మ ఎవరి ముక్కలో వస్తే, ఫిబ్రవరి 2న అందరికీ తమాలెలు అనే మొక్కజొన్న పిండి వంటకం పెట్టే ఖర్చు వారిది.

ఇక ఫ్యాక్టరీ రొట్టె సంగతి. 1945లో మెక్సికో నగరంలో మొదలైన బింబో ఇప్పుడు ప్రపంచంలోనే పెద్ద బ్రెడ్డు కంపెనీల్లో ఒకటి. మన ఊళ్ళలో దొరికే మోడరన్ బ్రెడ్‌ను 2021లో కొన్నది ఆ కంపెనీయే. అది కొంచాలను సంచీల్లో పెట్టి అమ్ముతుంది, అవి రోజుల తరబడి మెత్తగా ఉంటాయి. ఆ మెత్తదనమే నాకు పడదు. చాక్లెట్‌లో ముంచితే రొట్టె పీల్చుకోవడం మాని ముద్దవుతుంది.

డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకు మెక్సికన్ బేకరీలు దగ్గర్లోనే ఉంటాయి. చాలాచోట్ల తలుపు దగ్గరే పళ్ళెం, పట్టకారు ఉంటాయి. కావలసినవి మనమే ఏరుకుని కౌంటరు దగ్గరికి తీసుకెళ్ళాలి. సాయంత్రపు వాయి ఎప్పుడు దిగుతుందో ముందే కనుక్కుంటే మంచిది. గుడ్డు చాలావాటిలో ఉంటుంది. శాకాహారులు అడగాల్సిన మాట ఇంకొకటుంది: మంతేకా వేశారా అని. సాధారణంగా దాని అర్థం పంది కొవ్వు. పొల్వొరోన్ అనే పొడిపొడి బిస్కట్లలో, పుయెర్కీతోల్లో అది ఉండే అవకాశం ఎక్కువ.