నాటకమునందును గథానికయందును గోప్యవస్తువు

నాటకములను గథానికలను బోధించుచోట లక్షణపదములకుఁ గొదవ లేదు. పతాకాస్థానకము, గండము, నాటకీయవ్యంగ్యము, ఆకస్మికాంతము అను పేళ్లు విద్యార్థులకుఁ గంఠస్థములై యున్నవి. పేరు తెలిసినంతమాత్రమున నాయుపాయము రచనలో నేమి చేయుచున్నదో తెలిసినట్లు గాదు. దానిని గ్రహించుటకు ముందుగా నడుగవలసిన ప్రశ్న యొక్కటి: ఎవరి కేది యెప్పుడు తెలియును? పాత్ర యెఱుకకును, సామాజికుని యెఱుకకును నడుమనున్న యంతరమే యీ యుపాయములకు మూలము.

ఉత్తరరామచరిత ప్రథమాంకమున రాముఁడు నిద్రించుచున్న సీతను జూచి, యామెయందలి సర్వమును దనకుఁ బ్రియమే యనియు, విరహ మొక్కటియే దుస్సహమనియుఁ బలుకును. ఆ మాట ముగియునంతలోఁ బ్రతీహారి వచ్చి ‘వచ్చినాఁడు’ అను నర్థముగల పదమును బలుకును. ఆమె చెప్పఁబోయినది దుర్ముఖుఁడను చారుని రాక. సంస్కృతమున విరహశబ్దము పుంలింగమగుటచే నా పదము విరహమునకును సరిపోయినది. రానున్నది రాముఁ డెఱుఁగఁడు. తన మాటకు రెండవ యర్థమున్నదని ప్రతీహారి యెఱుఁగదు. రామాయణకథ నెఱిఁగిన సామాజికుఁడు మాత్రము రెంటిని నెఱుఁగును. ధనికుఁడు దశరూపకవ్యాఖ్యలో దీనిని గండమున కుదాహరణముగాఁ జూపెను. వేణీసంహార ద్వితీయాంకమున దుర్యోధనుఁడు భానుమతితోఁ దన తొడలనుగూర్చి ప్రస్తావించుచుండఁగాఁ గంచుకి వచ్చి, భీమునిచే విఱిగినదని తోఁచునట్లు పలుకును. అతఁడు చెప్పవచ్చినది భీమమైన గాలిచే రథధ్వజము విఱిగిన సంగతి. దీనిని విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమునఁ బతాకాస్థానకభేదముగాఁ బేర్కొనెను. పేళ్లు వేఱు; జరిగిన పని యొక్కటే.

ఈ రెండు నాటకములును బ్రసిద్ధేతివృత్తములు. సామాజికుఁడు రంగశాలకు వచ్చునప్పుడే కథ నెఱిఁగి వచ్చును. కల్పితేతివృత్తమున నట్టి సదుపాయము లేదు. ఆ యెఱుకను గవియే కల్పింపవలెను, లేదా దాఁచవలెను. ఇయ్యది యెట్లు జరుగునో చూచుటకు గురజాడ అప్పారావుగారి రెండు రచనలు మిక్కిలి తగినవి. రెంటియందును మంచముక్రింద నొక పాత్ర దాఁగియుండును.

కన్యాశుల్కము 1892లోఁ బ్రదర్శింపఁబడి, 1897లో నచ్చుపడినది. లోకమునఁ బ్రచారమున నున్నది 1909నాఁటి పెంచిన కూర్పు. అందలి ప్రథమాంకమున మధురవాణి యింట రామప్పపంతులుండఁగా గిరీశము వచ్చును. పంతులు మంచముక్రింద దూఱును. ఇది ప్రేక్షకుల కన్నులయెదుటనే జరుగును. అటుపిమ్మట గిరీశ మాడు ప్రతిమాటయుఁ బంతులు వినుచున్నాఁడన్న స్మరణ ప్రేక్షకుని విడువదు. పూటకూళ్లమ్మ రాఁగా గిరీశమును మంచముక్రిందనే చేరును. తుదకు గిరీశమునకై యెత్తిన చీపురు పంతులునకుఁ దగులును. పంతులు దాఁగిన సంగతి ముందుగాఁ దెలియకున్న నా దెబ్బ క్షణకాలపు విస్మయమును మాత్రమే కలిగించును. తెలిసియుండుటచే రంగమంతయు హాస్యరసమయమైనది.

1910లో ఆంధ్రభారతి పత్రికయందు వెలువడిన దిద్దుబాటు కథానికయందు దీనికి విపర్యయము. గోపాలరావు రాత్రి యాలస్యముగా నిలు సేరును. భార్య కమలిని కానరాదు. ఆమె వ్రాసిన లేఖ కనఁబడును. అతఁడు పశ్చాత్తప్తుఁడై, సేవకుఁడగు రామునిఁ బిలిచి, తనకు బుద్ధి వచ్చినదని యామెకుఁ జెప్పుమని కఱపును. తుదకు మంచముక్రిందనుండి కమలిని నవ్వు వినఁబడును. ఇందుఁ గథకుఁడు గోపాలరావు చూడని దానిని జదువరికిని జూపలేదు. నాటకమునఁ బ్రేక్షకుఁడు కవితోఁ గూడి రహస్యము నెఱిఁగియుండఁగా, నిచటఁ జదువరి నాయకునితోఁ గూడి మోసపోవును.

ఆకస్మికాంతము గల కథ యొకసారి చదివినంతనే నిస్సార మగునని యాక్షేపము కలదు. గోప్యవస్తువు కడపటి వాక్యమునకుఁ దక్క మఱి దేనికి నుపకరింపనిచో నా యాక్షేపము సత్యమే. అది గారడి యగును గాని కథ గాదు. దిద్దుబాటు నీ పరీక్షకు నిలుచును. రెండవసారి చదువునప్పుడు చదువరికిఁ బ్రేక్షకుని యెఱుక లభించును. తొలిపఠనమున గోపాలరావు పశ్చాత్తాపము శూన్యగృహమున వెలువడిన విలాపముగాఁ దోఁచినది. మలిపఠనమున నది తాను బాధించిన యామె చెవిని బడుచున్న యొప్పుకోలు. పుట్టినింటికిఁ బంపఁబోవు సందేశము మూరెడు దూరమునఁ జేరవలసిన వారికిఁ జేరుచున్నది. ఆమె యతని మాటలను బరీక్షించుచున్నదన్న యెఱుకతో ‘దిద్దుబాటు’ అను పేరునకుఁ బూర్ణార్థము లభించును. అనఁగా నీ కథానికకుఁ దొలిపఠనమున విస్మయమును, మలిపఠనమున నాటకీయవ్యంగ్యమును బ్రాణములు.

కాఁబట్టి నాటకమునఁ బూర్వమందే యీయఁబడు నెఱుక కథానికలోఁ బశ్చాత్తుగా నీయఁబడుచున్నది. ఉపాయము వస్తువునందు లేదు, దానిని దెలుపు కాలమునందున్నది. మంచ మొక్కటే, దాఁగుట యొక్కటే; ఫలములు మాత్రము భిన్నములు. పాఠశాలలందు ‘ఇందలి యుపాయ మేది?’ యను ప్రశ్న కొక పేరు వ్రాసినఁ జాలుననుట విద్యార్థి రసదృష్టికి హాని. ఏ పాత్ర కేమి తెలియును, చదువరి కెప్పుడు తెలిసెను, ముందుగాఁ దెలిసినచో నేమి చెడును అని మూఁ డడిగిన, లక్షణము వాఁడు తానే కనుఁగొనును. అప్పుడు భరతాదులు పెట్టిన పేళ్లును గేవలము వల్లెవేఁత గాక దృష్టిసాధనము లగును.