ఫిబ్రవరి కాదు, మాఘం

డేటాబేస్ ఇన్‌స్టాల్ చేయడానికి ఒక మధ్యాహ్నం చాలు. దానికి ముందు చేసుకోవాల్సిన పని మాత్రం వారాల తరబడి సాగుతుంది. సాగాలి కూడా. ఉయ్యూరులో పెద్ద కొట్టు, కంకిపాడు, పామర్రు, బెజవాడ పటమటల్లో తలొకటీ నడుపుతున్న ఒక కిరాణా వ్యాపార కుటుంబం తమ అమ్మకాల లెక్కలన్నీ ఒక్కచోటికి చేర్చాలనుకుంది. ఆ డేటా వేర్‌హౌస్ పని నా చేతికొచ్చింది. ఇన్‌స్టాల్ బటన్ ఇంకా నొక్కలేదు. నొక్కకపోవడమే ఇప్పుడు సరైన పని అని నా నమ్మకం.

సంగతేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. కౌంటర్ దగ్గరుండే బిల్లింగ్ కంప్యూటర్‌కి తెలిసేది ఇవాళ్టి సంగతి: ఈ సబ్బు ధరెంత, ర్యాకులో ఎన్ని మిగిలాయి. మూడేళ్ళుగా ఇదే పండక్కి ఏ కొట్లో ఏ నూనె ఎంత పోయిందని అడిగితే దాని ప్రాణం మీదికొస్తుంది. వెనకాల క్యూ ఆగిపోతుంది. అందుకని రోజూ రాత్రి షట్టర్ దించాక బిల్లులన్నీ తెచ్చి, చెరపకుండా వేరే డేటాబేస్‌లో పోగేస్తారు. అదే వేర్‌హౌస్.

ఒరాకిల్ లాంటి డేటాబేస్ పుట్టేటప్పుడే కొన్ని ప్రశ్నలు వేస్తుంది. వాటిలో కొన్నింటికి జవాబు ఒక్కసారే చెప్పాలి. డిస్కు మీద డేటా ముక్క కొలత, అంటే బ్లాక్ సైజు, 8 కేబీ అన్నామంటే ఆ డేటాబేస్ ఉన్నన్నాళ్ళూ ప్రధాన కొలత అదే. క్యారెక్టర్ సెట్ తర్వాత మార్చుకోవచ్చుగానీ ఆ మార్పు మామూలు తలనొప్పి కాదు. ఇంగ్లీషు అక్షరాలకు మాత్రమే సరిపడే సెట్ ఎంచుకుంటే సరుకుల తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలై కూర్చుంటాయి. యూనికోడ్ ఎంచుకున్నంత మాత్రాన కూడా పని అయిపోదు. సరుకు పేరుకి 30 బైట్ల గడి ఇస్తే చాలని చాలామంది అనుకుంటారు. 'కందిపప్పు' రాసి చూడండి. కంటికి నాలుగే అక్షరాలు. కంప్యూటర్ మాత్రం సున్న, గుడి, పొల్లు, కొమ్ము అన్నీ విడదీసి తొమ్మిది గుర్తులుగా దాచుకుంటుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, మొత్తం 27. ఎలాగో పట్టింది. పక్కన 'కిలో' చేర్చారో, ఖాళీతో కలిపి 40 బైట్లు. ఆ వరస గడిలో పట్టదు, లోడింగ్ అక్కడే ఆగిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో గడి పొడుగును బైట్లలో కాక గుర్తుల్లోనే లెక్కేస్తారు. ఒరాకిల్‌లో మాత్రం లెక్క బైట్లలోనా, గుర్తుల్లోనా అని మనమే ముందు తేల్చి చెప్పాలి.

డిస్కు ఎంత కావాలన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. నిజానికి దీనికి జవాబు తేలిక. బిల్లులో ఒక్కో సరుకూ ఒక వరస అనుకుందాం. నాలుగు కొట్లు, కొట్టుకి రోజుకు 600 బిల్లులు, బిల్లుకు 8 సరుకులు అని వేసుకుంటే రోజుకు 19,200 వరసలు, ఏడాదికి 70 లక్షలు. వరసకి 100 బైట్ల చొప్పున ఏడాదికి 70 కోట్ల బైట్లు, అంటే సుమారు 700 ఎంబీ. ఇండెక్సులు, మొత్తాల పట్టికలు, సార్టింగ్‌కి తాత్కాలిక చోటు కలుపుకుని దానికి మూడు నాలుగింతలు ఉంచుకుంటే సరి. ఇవాళ్టి డిస్కులకు ఇదొక లెక్క కాదు.

అసలు కష్టమంతా క్యాలెండర్ దగ్గరుంది.

పెద్ద రిటైల్ ప్యాకేజీలతో పాటు అమెరికా కొట్లు వాడే 4-5-4 క్యాలెండర్ వస్తుంది. మూడు నెలల్ని నాలుగు వారాలు, ఐదు వారాలు, నాలుగు వారాలుగా విడగొడతారు. ఈ ఏటి నెలలో ఎన్ని శనివారాలుంటే నిరుటి నెలలోనూ అన్నే ఉంటాయి, పోలిక న్యాయంగా ఉంటుంది. వాళ్ళకి శనాదివారాలే పెద్ద బేరం కాబట్టి ఆ ఏర్పాటు అక్కడ బాగానే నడుస్తుంది. ఉయ్యూరులో అమ్మకాల్ని పెంచేదీ తగ్గించేదీ శనివారం కాదు.

కొట్టు పెద్దాయనతో కూర్చున్నప్పుడు నేను ముందు అడిగింది, "బాబాయ్ గారూ, ఏ నెలలో బేరం ఎక్కువ?" అని. ఆయన నెల పేరు చెప్పలేదు. "అమ్మవారి తిరునాళ్ళు ఎప్పుడో చూసుకో బాబూ, తర్వాత సంక్రాంతి, ఆ తర్వాత శ్రావణం" అన్నారు. పక్కనే బిల్లు కొడుతున్న అమ్మాయి, "చెరకు బిల్లులు పడిన వారం కూడా రాసుకోండన్నయ్యా" అని అందుకుంది. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరిది. క్రషింగ్ నడిచే కాలంలో రైతు ఖాతాలో డబ్బు పడిన రోజుకీ పడని రోజుకీ కౌంటర్ దగ్గర ఉండే తేడా ఆ అమ్మాయికి తెలుసు, ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలియదు.

పెద్దాయన చెప్పిన ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ళు మాఘ శుద్ధ ఏకాదశి నాడు మొదలై పదిహేను రోజులు జరుగుతాయి. 2024లో ఆ ఏకాదశి ఫిబ్రవరి 20న వచ్చింది. 2025లో ఫిబ్రవరి 8న. 2026లో జనవరి 29న. ఇప్పుడు ఫిబ్రవరి అమ్మకాల్ని ఏడాదికేడాది పోల్చి చూడండి. 2024 ఫిబ్రవరికి తిరునాళ్ళలో పది రోజులే దక్కాయి, మిగతా ఐదూ మార్చిలోకి పోయాయి. 2025లో పదిహేను రోజులూ ఫిబ్రవరిలోనే. 2026లో మూడు జనవరికి, పన్నెండు ఫిబ్రవరికి. కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ, బెల్లం, శనగపప్పు, ఊళ్ళోకొచ్చే చుట్టాల కోసం కొనే బియ్యం, నూనె అన్నీ ఈ రోజుల వెంటే నడుస్తాయి. ఇంగ్లీషు నెల ప్రకారం రిపోర్టు తీస్తే 2025లో వ్యాపారం బ్రహ్మాండంగా పెరిగినట్టూ, 2026లో పడిపోయినట్టూ కనబడుతుంది. ఆ రిపోర్టు పట్టుకుని ఎవరో ఒక మేనేజర్‌ని నిలదీస్తారు, వచ్చే ఏటికి సరుకు తగ్గించి తెప్పిస్తారు. తప్పు మేనేజర్‌ది కాదు, వేర్‌హౌస్‌లోని తేదీల పట్టికది.

అందుకే నా తేదీల పట్టికలో తేదీ పక్కన తెలుగు మాసం, తిథి, అధికమాసమా నిజమాసమా, మూఢం ఉందా లేదా, తిరునాళ్ళలో ఎన్నో రోజు అన్న గడులు పెట్టాను. తిరునాళ్ళలోని శిడిబండి ఉత్సవం రోజుకి విడిగా ఒక గుర్తు. 2025 నవంబరు ఆఖరి వారం నుంచి 2026 ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మూఢమని పెళ్ళిళ్ళు ఆగాయి. 2026 మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, మళ్ళీ పెళ్ళిళ్ళుండవు. పెళ్ళి సరుకు జాబితాలు రాసిచ్చి బస్తాలకు బస్తాలు పట్టుకెళ్ళేవాళ్ళు రాని నెలలివి. పంచాంగం చూసి ఈ పట్టికను ముందే, చాలా ఏళ్ళకు సరిపడా, నింపి పెట్టుకోవచ్చు. ఏ బిల్లూ రాకముందే పూర్తయ్యే పట్టిక ఇదొక్కటే. రిటైల్ వేర్‌హౌస్ కట్టేవాళ్ళు అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిందీ దీని మీదేనని నా అభిప్రాయం.

రోజంటే ఏమిటో కూడా ముందే అనుకోవాలి. దసరాల్లో, మూలా నక్షత్రం నాడు, బెజవాడ కొట్టు అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటుంది. పన్నెండున్నరకి కొట్టిన బిల్లు ఏ రోజుది? షట్టర్ ఎత్తిన రోజుదే అని రాసుకున్నాం. పెద్దాయన క్యాష్ లెక్క చూసుకునేదీ అలాగే.

సరుకుల పట్టికకు వస్తే, ప్యాకెట్ల మీది బార్‌కోడ్‌తో పేచీ తక్కువ. 1974 జూన్ 26న అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌ని స్కాన్ చేసింది మొదలు ఆ పద్ధతి స్థిరపడిపోయింది. మన దేశంలో నమోదైన కంపెనీల అంకెలు 890తో మొదలవుతాయి. జాగ్రత్తల్లా ఒకటే. ఆ పదమూడు అంకెల్ని సంఖ్యగా కాకుండా అక్షరాలుగా దాచాలి. ఎక్సెల్‌లో తెరిచి సీఎస్‌వీగా సేవ్ చేస్తే చాలు, చివరి అంకెలు సున్నాలైపోయి పది సబ్బులకు ఒకే నంబరు వస్తుంది. పేచీ అంతా విడి సరుకుతోనే. 2తో మొదలయ్యే సంకేతాలు కొట్టువాళ్ళ సొంత వాడకానికి వదిలేసినవి. కాటా దగ్గర స్టిక్కర్ కొట్టేది వాటితోనే. ఉయ్యూరులో ఒక సంకేతం చింతపండుదైతే పామర్రులో అదే సంకేతం ఎండుమిరపది. నాలుగు కొట్లనీ కలపగానే చింతపండు అమ్మకాలు ఎందుకు పెరిగాయో ఎవరికీ అర్థం కాదు. ఈ జాబితాని కాటా దగ్గర నిలబడే కుర్రాళ్ళతో కూర్చుని ఒక్కో వరసే సరిచూస్తున్నాం.

బియ్యం సంగతి ఇంకా లోతైనది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు లేబుల్ వేసిన బియ్యం ప్యాకెట్లన్నిటికీ 5 శాతం జీఎస్టీ పెట్టారు. ఆపైన 26 కిలోల బస్తాలు బజారుకొచ్చాయి. బస్తాల లెక్కన చూస్తే అంతవరకు పోయిన సరుకు ఉన్నట్టుండి చచ్చిపోయినట్టు, కొత్త సరుకొకటి పుట్టుకొచ్చినట్టు కనిపిస్తుంది. తినేవాళ్ళు తింటున్నది అదే సాంబ మసూరి. అందుకని ప్రతి అమ్మకాన్నీ రెండు కొలతల్లో దాచబోతున్నాం: ఎన్ని బస్తాలు, ఎన్ని కిలోలు.

పాతది చెరపకూడదన్న నియమం ఇక్కడే అక్కరకొస్తుంది. 2025 సెప్టెంబరు 22న ఒంటి సబ్బులు, తలనూనెలు, టూత్‌పేస్టుల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. సరుకు వరసలో 18 కొట్టేసి 5 రాస్తే నిరుటి లాభాలు కూడా తప్పుగా లెక్కకొస్తాయి. పాత వరసకి ముగింపు తేదీ వేసి కొత్త వరస తెరవాలి. కొట్ల పట్టికదీ ఇదే కథ. 2022 ఏప్రిల్ 4 దాకా పటమట, ఉయ్యూరు రెండూ కృష్ణా జిల్లాలోవే. ఆ రోజు నుంచి పటమట ఎన్టీఆర్ జిల్లా, ఉయ్యూరు కృష్ణా జిల్లాలోనే ఒక రెవెన్యూ డివిజన్. జిల్లాల వారీ మొత్తాలు అడిగితే ఏ తేదీనాటి జిల్లా అన్నది డేటాబేస్ చెప్పగలగాలి.

ఈ పనికి పుస్తకం రాసినవాళ్ళలో రాల్ఫ్ కింబల్ ముఖ్యుడు. 1996లో వచ్చిన ఆయన పుస్తకంలో మొదటి ఉదాహరణే కిరాణా కొట్లు: ఎన్నో కొట్లు, సుమారు 60,000 రకాల సరుకు. ఒక వరస అంటే ఏమిటో ముందు తేల్చుకోమని ఆయన పట్టుబడతాడు. నాలుగు కొట్లకీ ఆ మాట అంతే వర్తిస్తుంది. మన దగ్గర అదనంగా తేలాల్సింది అప్పు. తెలిసినవాళ్ళు సరుకు పట్టుకెళ్ళి చిట్టాలో రాయిస్తారు, పంట అమ్మాక కడతారు. బిల్లు ఒక రోజుది, డబ్బు మరో రోజుది. రెండింటికీ వేరువేరు పట్టికలు ఉంటేనే లెక్క కుదురుతుంది.

ఒక విషయంలో మాత్రం నేను గట్టిగా నిలబడ్డాను. బిల్లు కొట్టేటప్పుడు తీసుకునే ఫోన్ నంబర్లు వేర్‌హౌస్‌లోకి రానివ్వనన్నాను. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఎలాగూ ఉంది. చట్టం లేకపోయినా, అందరికీ అందరూ తెలిసిన ఊళ్ళో ఏ ఇంట్లో ఏ మందు, ఏ పాలడబ్బా కొంటున్నారో ఒక క్వెరీతో బయటపడటం తప్పు. ఆ కుటుంబం వెంటనే ఒప్పుకుంది. డేటాబేస్‌లో యూజర్లను కూడా అందుకు తగ్గట్టే విడగొట్టబోతున్నాం. బిల్లులు లోడ్ చేసే యూజర్ వేరు, పట్టికల యజమాని వేరు. రిపోర్టులు చూసే యూజర్‌కి చదవడం తప్ప ఇంకేమీ చేతకాదు.

మిగిలింది బ్యాకప్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు బెజవాడ సింగ్‌నగర్‌ని ముంచింది. ఆ వెంటనే కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బెజవాడలో గ్రౌండ్ ఫ్లోర్ కంప్యూటర్లు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. ఉయ్యూరు కొట్లో ఒక కాపీ, పటమట కొట్లో ఇంకొకటి అంటే రెండూ ఒకే నది కిందున్న కాపీలే. అందుకని రెండోది హైదరాబాదులో పెడుతున్నాం. ఖాళీ డేటాబేస్ లేపగానే మొదట చేయబోయేది కూడా ఇదే: తేదీల పట్టిక ఒక్కటీ ఎక్కించి, బ్యాకప్ తీసి, డేటాబేస్‌ని పూర్తిగా కొట్టేసి, హైదరాబాదు కాపీ నుంచి వెనక్కి తెప్పించడం. 2024 మాఘ శుద్ధ ఏకాదశి ఎదురుగా ఫిబ్రవరి 20 అని తెలుగులో సరిగ్గా కనిపిస్తే, ఆ రాత్రి నుంచి బిల్లులు ఎక్కించడం మొదలుపెడతాం.